వేడి చేసిందని ఊరుకోకండి

మలంలో నెత్తురు కనిపించగానే ‘మొలలే’ అని మనకు మనమే తేల్చుకుంటాము. చాలాసార్లు ఆ ఊహ నిజమే కావచ్చు. నిజం కానప్పుడు మాత్రం ఆ ఒక్క మాట ప్రాణం మీదికి తెస్తుంది.

మన భాషలో ‘వేడి’ అన్న మాటకు ఉన్నంత విస్తృతి వైద్యగ్రంథాలలోని ఏ పదానికీ లేదేమో! నోరు పూస్తే వేడి. కళ్ళు మండితే వేడి. మూత్రం పచ్చగా పోతే వేడి. విరేచనంలో నెత్తురు పడితే అదీ వేడే. మజ్జిగ త్రాగి, సబ్జాగింజలు నానవేసుకొని, మెంతులు మింగి రెండు రోజులు చూస్తాము. నెత్తురు ఆగిపోతుంది. వేడి తగ్గిందని నిశ్చింతగా ఉంటాము.

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న పాండేసరలో ఈ మాట మరింత నమ్మదగినదిగా తోస్తుంది. 1962లో ఏర్పడిన గుజరాత్ పారిశ్రామిక అభివృద్ధి సంస్థ నెలకొల్పిన పారిశ్రామికవాడలలో పాండేసర ఒకటి. సూరత్ మరమగ్గాల మీద నేసిన వస్త్రం రంగు వేయించుకోవడానికీ, అచ్చులు వేయించుకోవడానికీ ఇక్కడి మిల్లులకు వస్తుంది. పాలియెస్టర్ బట్టకు రంగు పట్టాలంటే జెట్ యంత్రంలో నీటిని ఒత్తిడిలో ఉంచి సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచాలి. ఆ తరువాత బట్టను సాగదీసి ఆరబెట్టే స్టెంటర్ యంత్రంలో వీచే గాలి అంతకంటె వేడి. ప్రక్కనే బాయిలరు. పన్నెండు గంటల షిఫ్టు. అటువంటి చోట పనిచేసే మనిషి ‘వేడి చేసింది’ అంటే కాదనగలవారెవరు?

అయినా కాదనవలసిన అవసరం ఉన్నది. మలంలో కనిపించే నెత్తురుకు మొలలు, జిగట విరేచనాలు, మలద్వారం వద్ద చీలిక వంటి సాధారణ కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటి చాటున పెద్దప్రేగు కేన్సర్ కూడా దాగి ఉండవచ్చు. ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 19 లక్షల మందికి కొత్తగా ఈ వ్యాధి సోకినట్లు అంచనా. ఆ ఒక్క సంవత్సరంలో 9 లక్షల మంది దానితో మరణించారు. కేన్సర్ మరణాలలో ఊపిరితిత్తుల కేన్సర్ తరువాతి స్థానం దీనిదే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మనదేశంలో ఈ వ్యాధి తక్కువే. అయినా మన జనసంఖ్య పెద్దది కాబట్టి 2022లో సుమారు 70 వేల కొత్త కేసులు లెక్కకు వచ్చాయి. మన ఆస్పత్రులకు వచ్చే రోగులలో యాభై ఏళ్ళు నిండనివారు కూడా గణనీయంగా ఉండడం వైద్యులను కలవరపెడుతున్న విషయం.

ఇంతటి వ్యాధికి ఒక మంచి గుణమున్నది: ఇది తొందరపడదు. దాని నిదానమే మనకు దొరికే అవకాశం. ఆ అవకాశాన్ని ‘వేడి’ అన్న మాటకు బలి ఇవ్వవద్దనే ఈ వ్యాసం.

ఐదడుగుల గొట్టం, పదేళ్ళ వ్యవధి

పెద్దప్రేగు సుమారు ఐదడుగుల పొడవున్న గొట్టం. పొట్టకు కుడివైపు క్రింద మొదలై, పైకి ఎక్కి, అడ్డంగా సాగి, ఎడమవైపు దిగి, మలాశయంగా ముగుస్తుంది. చిన్నప్రేగు నుంచి వచ్చిన పలుచని పదార్థంలోని నీటిని పీల్చి, మిగిలినదానిని గట్టిపరచి బయటకు పంపడం దాని పని.

ఈ గొట్టం లోపలి పొరలోని కణాలు నిత్యం రాలిపోతూ కొత్తవి పుడుతూ ఉంటాయి. ఒక్కొక్కప్పుడు ఆ పెరుగుదల అదుపు తప్పి, చిన్న పుట్టగొడుగు వంటి బుడిపె లేస్తుంది. దీనిని వైద్యులు ‘పాలిప్’ అంటారు. పాలిప్‌లన్నీ కేన్సర్లు కావు. చాలావరకు ఎన్నటికీ కావు. కాని పెద్దప్రేగు కేన్సర్లలో అత్యధిక భాగం ఇటువంటి బుడిపెలలోనే మొదలవుతుంది. బుడిపె కేన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళు, అంతకు పైగా పడుతుంది.

బుడిపెగా ఉన్నప్పుడే తీసివేస్తే, ఆ బుడిపె నుంచి రావలసిన కేన్సర్ రానేరాదు. ప్రేగు గోడలోపలే ఉన్నప్పుడు పట్టుకుంటే శస్త్రచికిత్సతో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. గోడ దాటి కాలేయానికో, ఊపిరితిత్తులకో ప్రాకిన తరువాత పోరాటం కష్టతరమవుతుంది. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రికి చెందిన కత్బర్ట్ డ్యూక్స్ 1932లోనే ఈ కేన్సర్‌ను అది ప్రాకిన లోతును బట్టి దశలుగా విభజించి, దశకూ ఆయుర్దాయానికీ గల సంబంధాన్ని స్పష్టపరచాడు. నేటి అమెరికా లెక్కలు అదే సత్యాన్ని అంకెలలో చెబుతున్నాయి. వ్యాధి పుట్టినచోటనే ఉండగా కనుగొన్నవారిలో సుమారు నూటికి 90 మంది ఐదేళ్ళ తరువాత కూడా జీవించి ఉన్నారు. దూరపు అవయవాలకు ప్రాకిన తరువాత కనుగొన్నవారిలో ఆ సంఖ్య నూటికి 15 ప్రాంతంలో ఉన్నది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను కొంతవరకు మందులు, వైద్యుల నైపుణ్యం, అదృష్టం నిర్ణయిస్తాయి. చాలావరకు దానిని నిర్ణయించేది కాలం.

శరీరం పంపే సూచనలు

ఒకే వ్యాధి అయినా, పుట్టిన చోటును బట్టి అది రకరకాల వేషాలు వేస్తుంది.

కుడివైపు ప్రేగు వెడల్పుగా ఉంటుంది; అక్కడ మలం ఇంకా పలుచగానే ఉంటుంది. కాబట్టి కణితి పెద్దదయ్యే వరకు దారి మూసుకుపోదు. కాని దాని నుంచి రోజూ కొద్దికొద్దిగా నెత్తురు కారుతుంది. మలంలో కలిసిపోవడం వల్ల అది కంటికి కనిపించదు. నెలలు గడిచేసరికి మనిషి పాలిపోతాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. షిఫ్టు సగంలోనే నీరసం. ‘సరిగా తిండి లేదు, నిద్ర లేదు, రక్తం తగ్గింది’ అని ఇనుప ధాతువు మాత్రలు ఇస్తారు. మనదేశంలో రక్తహీనత అతి సాధారణం కాబట్టి ఇక్కడే పొరపాటుకు తావున్నది. పెద్దవయసు పురుషునిలోనూ, ముట్లుడిగిన స్త్రీలోనూ కారణం తెలియకుండా రక్తహీనత ఏర్పడితే, ఆ రక్తం ఎటు పోతున్నదో వెతకకుండా మాత్రలతో సరిపెట్టరాదు.

ఎడమవైపు ప్రేగు ఇరుకు. మలం అక్కడికి చేరేసరికి గట్టిపడుతుంది. అందువల్ల అక్కడి కణితి మలవిసర్జన తీరునే మార్చివేస్తుంది. కొన్నాళ్ళు మలబద్ధకం, కొన్నాళ్ళు విరేచనాలు. పొట్ట ఉబ్బరం, మెలితిప్పే నొప్పి.

మలాశయంలో కణితి ఉంటే నెత్తురు, జిగట పడతాయి. వెళ్ళి వచ్చిన వెంటనే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. ఎంతసేపు కూర్చున్నా పూర్తి కాలేదన్న భావన పోదు. మలం సన్నని పుల్లలా వస్తుంది.

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వైద్యుని కలుసుకోవలసినదే:

మలంలో ఎర్రని లేదా ముదురు రంగు నెత్తురు, ఒక్కసారి కనిపించినా సరే;

నల్లని తారువంటి మలం;

మూడు వారాలకు పైగా మలవిసర్జన అలవాటులో మార్పు;

ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం;

కారణం తెలియని నీరసం, పాలిపోవడం;

పొట్టలో విడువని నొప్పి లేదా చేతికి తగిలే గడ్డ.

మలవిసర్జన, అపానవాయువు పూర్తిగా నిలిచిపోయి, పొట్ట ఉబ్బి, వాంతులు మొదలైతే అది ప్రేగు మూసుకుపోయినదానికి గుర్తు కావచ్చు. ఆ స్థితిలో గంటలు కూడా విలువైనవే. వెంటనే పెద్దాస్పత్రికి చేరాలి.

మొలలా? మరేమన్ననా?

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు బ్రతుకుతెరువు కోసం షోలాపూరు, భివండి, సూరత్ వంటి మగ్గాల పట్టణాలకు తరలిపోవడం కొన్ని తరాలుగా సాగుతున్న కథ. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నదంటే అక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించవచ్చు. తోటివాడు కష్టం చెప్పుకుంటే ఇటువంటి చోట వినిపించే సలహా ఒక్కటే: “అన్నా, గవి మొలలే. జర మజ్జిగ తాగు, కారం బంద్ జెయ్యి, తగ్గుతది.”

ఆ సలహాలో ప్రేమ ఉన్నది, పరీక్ష లేదు. ‘కోత లేకుండా మొలలు మాయం’ అని మన నగరాలలో రైలు కట్టల ప్రక్క గోడల మీద కనిపించే ప్రకటనలలో ఆ రెండూ లేవు.

మొలల నెత్తురు సాధారణంగా ఎర్రగా, మలవిసర్జన చివర బొట్లుబొట్లుగా పడుతుంది, నొప్పి ఉండకపోవచ్చు. కేన్సర్ నెత్తురు తరచు ముదురు రంగులో, మలంతో కలిసి ఉంటుంది. ఇది పుస్తకంలోని తేడా. మలాశయం చివరి భాగంలోని కేన్సర్ నుంచి కూడా ఎర్రని నెత్తురే పడవచ్చు. పైగా ఒకే మనిషికి మొలలూ కేన్సరూ రెండూ ఉండవచ్చు. మొలలు ఉన్నంత మాత్రాన కేన్సర్ లేదనుకోవడం తగదు. నెత్తురు రంగును చూసి ఇంట్లో కూర్చుని నిర్ణయించగలవాడు వైద్యులలో కూడా లేడు.

నెత్తురు ఆగిపోవడం కూడా సాక్ష్యం కాదు. కణితి రోజూ ఒకే రీతిగా రక్తం కార్చదు. కొన్ని రోజులు కారి, కొన్ని వారాలు ఆగుతుంది. ఆ ఆగిన రోజులలో ఏ మందు వాడితే ఆ మందుకు కీర్తి దక్కుతుంది. మజ్జిగకూ, మెంతులకూ, నాటుమందుకూ దక్కిన ప్రశంసలో కొంత భాగం ఇటువంటిదే.

ఇక్కడ అన్నిటికంటె తక్కువ ఖర్చు అయిన పరీక్ష వైద్యుని చూపుడువ్రేలు. చేతికి తొడుగు వేసుకొని మలద్వారం గుండా వ్రేలితో తడిమి చూస్తే, మలాశయం క్రింది భాగంలోని చాలా కణితులు తెలిసిపోతాయి. ఒక్క నిమిషం పని. రోగి సిగ్గుపడి వద్దంటాడు. వైద్యుడు తీరిక లేక మానుకుంటాడు. ఇద్దరి మధ్య వ్యాధి క్షేమంగా ఉంటుంది. నెత్తురు పడుతున్నదని చెప్పినా ఎవరూ పరీక్షించకుండా మందు వ్రాసి ఇస్తే, “డాక్టరు గారూ, ఒకసారి లోపల పరీక్ష చేసి చూడండి” అని అడగడానికి రోగికి హక్కున్నది.

ముప్పు ఎవరికి ఎక్కువ?

వయసు అన్నిటికంటె పెద్ద కారణం. యాభై దాటిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అంతమాత్రాన యౌవనం కవచం కాదు. ‘బ్లాక్ పాంథర్’ చిత్ర కథానాయకుడు చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో ఈ కేన్సర్ మూడవ దశలో బయటపడింది. 2020లో 43వ ఏట అతడు మరణించాడు.

కుటుంబ చరిత్ర రెండవది. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో ఒక కుట్టుపని చేసే స్త్రీ, తన బంధువులలో చాలామంది కేన్సర్‌తో పోయారనీ, తానూ అలాగే పోతాననీ ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వైద్యశాస్త్రవేత్తతో చెప్పింది. ఆమె మాటను కొట్టిపారవేయకుండా అతడు ఆ కుటుంబ వంశవృక్షాన్ని సేకరించి 1913లో ప్రకటించాడు. ఆమె భయపడినట్లే కేన్సర్‌తో మరణించింది. తరువాత హెన్రీ లించ్ చేసిన పరిశోధనల ఫలితంగా ఈ వంశపారంపర్య స్థితికి ‘లించ్ సిండ్రోమ్’ అన్న పేరు స్థిరపడింది. కాబట్టి తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో పెద్దప్రేగు కేన్సర్ వచ్చి ఉంటే, ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. అటువంటివారు నలభయ్యవ ఏటనే, లేదా ఆ బంధువుకు వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్ళ ముందుగానే — ఏది ముందైతే అప్పుడు — పరీక్ష చేయించుకోవాలని వైద్యులు సలహా ఇస్తారు. చాలాకాలంగా ప్రేగు పూతతో, అంటే అల్సరేటివ్ కొలైటిస్‌తో బాధపడుతున్నవారికీ ప్రత్యేక జాగ్రత్త అవసరం.

మూడవది జీవన విధానం. పొగాకు, మద్యం, స్థూలకాయం, వ్యాయామం లేకపోవడం — ఇవన్నీ ముప్పును పెంచుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఉప్పు, రసాయనాలు చేర్చి నిల్వచేసిన మాంసాన్ని కేన్సర్ కారకంగానూ, మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలను బహుశా కేన్సర్ కారకాలుగానూ వర్గీకరించింది. ఇందుకు ప్రధానమైన ఆధారం పెద్దప్రేగు కేన్సరే. మరోవైపు, ఉగాండాలో పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ పీచు ఎక్కువగా తినే ఆఫ్రికా గ్రామీణులలో ఈ వ్యాధి అరుదన్న సంగతిని 1970 దశకం తొలి సంవత్సరాలలో లోకం దృష్టికి తెచ్చాడు. మన జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పండు ఆ దృష్టితో చూస్తే గొప్ప భోజనమే. వలస వచ్చిన మనిషి వదులుకున్న వాటిలో ఆ భోజనం కూడా ఒకటి. షిఫ్టు మధ్యలో టీ, సమోసా, మైదా బన్నుతో కడుపు నింపుకునేవానికి పీచు ఎక్కడిది?

పాండేసర వంటి చోట మరో రెండు ప్రశ్నలు సహజంగా ఎదురవుతాయి. మొదటిది రాత్రి షిఫ్టు. అమెరికా నర్సులపై జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, నెలకు కనీసం మూడు రాత్రుల చొప్పున పదిహేనేళ్ళు, అంతకు పైగా పనిచేసినవారిలో ఈ కేన్సర్ ముప్పు నూటికి 35 పాళ్ళు ఎక్కువగా ఉన్నట్లు 2003లో వెల్లడయింది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2019లో రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా కేన్సర్ కారకం’ అన్న వర్గంలో ఉంచుతూ, రొమ్ము, ప్రోస్టేట్ కేన్సర్లతో పాటు పెద్దప్రేగు కేన్సర్‌ను కూడా ప్రస్తావించింది. సాక్ష్యం ఇంకా పరిమితమే. కాని రాత్రంతా మేలుకొని పనిచేసేవారు సూచనలను నిర్లక్ష్యం చేయకుండా ఉండడానికి అది చాలు.

రెండవది రంగులు. రంగుల కార్ఖానాలలో పనిచేసేవారికి మూత్రాశయ కేన్సర్ రావడాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు. బెంజిడిన్ వంటి రసాయనాలు అందుకు కారణమని తరువాత రుజువయింది. కనుక రంగుల పనిలో ఉన్నవాడు మూత్రంలో నెత్తురు చూస్తే దానిని కూడా వేడికి వదలరాదు. అది వేరే అవయవం, వేరే వ్యాధి. పాటించవలసిన నియమం మాత్రం ఒక్కటే.

కంటికి కనిపించని నెత్తురు

ఏ లక్షణమూ లేనప్పుడే వ్యాధిని కనుగొనడానికి చేసే పరీక్షను ‘స్క్రీనింగ్’ అంటారు. పెద్దప్రేగు విషయంలో దీనికి రెండు ముఖ్యమైన మార్గాలున్నాయి.

మొదటిది మలపరీక్ష. ఒక చెట్టు జిగురుతో తడిపిన కాగితం మీద కొద్దిగా మలం రాసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే, కంటికి కనిపించనంత నెత్తురు ఉన్నా కాగితం నీలిరంగుకు తిరుగుతుంది. రంగుల పని తెలిసినవారికి ఇందులోని సూత్రం కష్టం కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 50 నుంచి 80 ఏళ్ళ వయసుగల 46 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో, ఏటేటా ఈ పరీక్ష చేయించుకున్నవారిలో పెద్దప్రేగు కేన్సర్ మరణాలు నూటికి 33 పాళ్ళు తగ్గినట్లు 1993లో తేలింది. ఇప్పుడు అంతకంటె మెరుగైన ‘ఫిట్’ పరీక్ష వచ్చింది. ఇది మానవ రక్తాన్ని మాత్రమే గుర్తిస్తుంది. తిన్న మాంసం వల్ల తప్పుడు ఫలితం రాదు. చిన్న పుల్లతో ఇంట్లోనే నమూనా తీసి ఇవ్వవచ్చు.

రెండవది కొలనోస్కోపీ. ముందురోజు మందుతో ప్రేగును శుభ్రపరచి, చివర కెమేరా అమర్చిన సన్నని మెత్తని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి, ప్రేగు మొత్తాన్ని లోపలి నుంచి చూస్తారు. మత్తు ఇవ్వడం వల్ల బాధ తెలియదు. సాధారణంగా అరగంట పని. బుడిపె కనిపిస్తే తీగె ఉచ్చు బిగించి అప్పటికప్పుడే తీసివేయవచ్చు. న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ 1969లో ఆరంభించిన ఈ పద్ధతి, పొట్ట కోయకుండానే కేన్సర్‌ను పుట్టకముందే ఆపే సాధనమయింది. బుడిపెలను తీయించుకున్నవారిని దీర్ఘకాలం గమనించి 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వారిలో ఈ కేన్సర్ మరణాలు సాధారణ జనులలో ఊహించినదానికంటె సగానికి పైగా తగ్గాయి.

అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్‌కు 1985 జూలైలో కొలనోస్కోపీ చేస్తుండగా కుడివైపు ప్రేగులో పెద్ద బుడిపె కనిపించింది. శస్త్రచికిత్స చేసి తీయగా అందులో కేన్సర్ ఉన్నట్లు తేలింది. అప్పటికి ఆయన వయసు 74. ఆ పిదప ఆయన పదవీకాలం పూర్తిచేయడమే కాక 2004 వరకు జీవించారు. ఆయనకు దొరికినది అధ్యక్షుని వైద్యం కావచ్చు. కాని ఆయనను కాపాడినది సకాలంలో చూడడమే.

అమెరికాలో ఈ పరీక్షలు 45వ ఏట ప్రారంభించాలని 2021లో నిపుణుల సంఘం సిఫారసు చేసింది. బ్రిటన్ 2006 నుంచి ఇంటింటికీ మలపరీక్ష సామగ్రిని టపాలో పంపుతున్నది. మనదేశంలో 30 ఏళ్ళు దాటినవారికోసం ఏర్పరచిన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల పరీక్షలే చేరాయి. పెద్దప్రేగుకు చోటు లేదు. అంటే ఈ పరీక్ష కోసం ఎవరూ మన తలుపు తట్టరు. మనమే ఆస్పత్రి తలుపు తట్టాలి. లక్షణాలు ఉన్నవారు వయసు ఎంతైనా సరే, స్క్రీనింగ్ సంగతి ప్రక్కనపెట్టి వెంటనే వైద్యపరీక్షకు వెళ్ళాలి.

కూలి పోతుందన్న భయం

“ఒక షిఫ్టు మానితే కూలి పోతుంది, పరీక్ష అంటే రెండు మూడు షిఫ్టులు” — ఈ లెక్కను తేలికగా తీసివేయలేము. నెలనెలా ఊరికి డబ్బు పంపవలసినవాడు వేసే లెక్క అది. కాని దానికి ఎదురుగా మరో లెక్క వేయాలి. బుడిపెను తీయించుకొన్నవాడు ఒకటి రెండు రోజులలో పనికి వస్తాడు. మొదటి దశలో శస్త్రచికిత్స చేయించుకున్నవాడు కొన్ని వారాలలో కోలుకుంటాడు. ముదిరిన తరువాత శస్త్రచికిత్స, నెలల తరబడి మందుల చికిత్స, మలాశయమైతే రేడియేషన్ — ఇంటిల్లిపాదీ పని మానుకోవలసి వస్తుంది.

సహాయం పొందే మార్గాలు కొన్ని ఉన్నాయి. ఇ.ఎస్.ఐ.లో పేరున్న కార్మికునికి వైద్యంతో పాటు, పని చేయలేని రోజులకు కొంత వేతనం వస్తుంది. కేన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు, నిర్ణీత అర్హతలు ఉన్నవారికి, వేతనంలో నూటికి 80 పాళ్ళ వరకు రెండేళ్ళ దాకా చెల్లించే ఏర్పాటు ఉన్నది. కాబట్టి యజమాని మీ పేరును ఇ.ఎస్.ఐ.లో చేర్చాడో లేదో ఆరోగ్యంగా ఉన్న రోజునే తెలుసుకోవాలి. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద అర్హతగల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి వైద్యం లభిస్తుంది. స్వరాష్ట్రంలో పొందిన కార్డును పరరాష్ట్రంలోని గుర్తింపు పొందిన ఆస్పత్రిలో కూడా వాడుకోవచ్చు. ఊళ్ళో పెట్టెలో భద్రంగా ఉన్న కార్డు సూరత్‌లో పనికిరాదు. దానిని వెంట ఉంచుకోవాలి.

సూరత్‌లో ప్రభుత్వ న్యూ సివిల్ ఆస్పత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మీమేర్ వైద్యకళాశాల ఆస్పత్రి ఉన్నాయి. కేన్సర్ అని తేలితే అహమదాబాదులోని గుజరాత్ కేన్సర్ పరిశోధన సంస్థ, సొంత ప్రాంతానికి రాదలచినవారికి హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కేన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా కొలనోస్కోపీ నివేదిక, బయాప్సీ నివేదిక, కణజాలపు గాజుపలకలు అడిగి తీసుకొని జాగ్రత్తపరచుకోవాలి. అవి లేకపోతే కొత్త ఆస్పత్రిలో అంతా మొదటికి వస్తుంది. సగం చికిత్స ఇక్కడ, సగం అక్కడ అన్న పద్ధతి మంచిది కాదు.

భాష మరో అడ్డంకి. ఇటువంటి సంగతిని మాతృభాషలో చెప్పడమే కష్టం. పరభాషలో మరీ కష్టం. భాష తెలిసిన బంధువునో, చదువుకుంటున్న కొడుకునో వెంట తీసుకొని వెళ్ళవచ్చు. వారి ముందు చెప్పడానికి సిగ్గనిపిస్తే, ‘ఎన్ని రోజుల నుంచి, ఎంత నెత్తురు, బరువు తగ్గానా, ఇంట్లో ఎవరికైనా ఉన్నదా’ అన్న నాలుగు సంగతులు కాగితం మీద వ్రాయించుకొని వైద్యునికి అందిస్తే చాలు.

‘పొట్టమీద సంచి పెడతారట’ అన్న భయం చాలామందిని ఆస్పత్రికి దూరం చేస్తున్నది. నేడు మలాశయ కేన్సర్‌లో కూడా చాలామందికి మలద్వారాన్ని కాపాడుతూ శస్త్రచికిత్స చేయగలుగుతున్నారు. సంచి అవసరమైనా చాలా సందర్భాలలో అది కొద్దినెలల ఏర్పాటే. శాశ్వతంగా అవసరమైనవారు కూడా దానితో పనికి వెళుతున్నారు, ప్రయాణాలు చేస్తున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు చేస్తున్నారు. ఆలస్యం చేసినకొద్దీ సంచి అవసరం పెరుగుతుందే కాని తగ్గదు.

దాచిపెట్టని మాట

2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు పత్రికలవారిని పిలిచి, తన ఉదరంలో కేన్సర్ ఉన్నట్లు తేలిందని స్వయంగా ప్రకటించారు. అప్పటికి ఆయన తొంభై ఏళ్ళకు చేరువలో ఉన్నారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. వ్యాధి పేరు ఎత్తడానికే జంకే సమాజంలో, కోట్లమంది ఎరిగిన మనిషి దానిని దాచకుండా చెప్పడం చిన్న విషయం కాదు. ఇందులో తలవంపులు ఏమీ లేవని ఆ ప్రకటన తెలుగువారికి చెప్పింది.

సూరత్‌కు కూడా వ్యాధితో ముఖాముఖి నిలిచిన చరిత్ర ఉన్నది. 1994లో ప్లేగు వార్తకు బెదరి లక్షలాది మంది ఆ నగరాన్ని విడిచి పారిపోయారు. మరుసటి ఏడు నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు ఆధ్వర్యంలో వీధులు శుభ్రపడ్డాయి. కొద్దికాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాలలో ఒకటిగా పేరుపొందింది. భయపడి పారిపోవడానికీ, భయాన్ని పనిగా మార్చుకోవడానికీ గల తేడాను ఆ నగరం అనుభవంతో నేర్చుకున్నది. పెద్దప్రేగు కేన్సర్ అంటువ్యాధి కాదు; దానికి బెదరి రైలెక్కి పారిపోయేవారు ఉండరు. అది వచ్చిన మనిషి పని మానకుండా, ఎవరికీ చెప్పకుండా, మౌనంగా ఉంటాడు. ఆ మౌనమే దానికి బలం.

మగ్గం మీద ఒక్క పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని ఆపుతాడు. తెగిన పోగును అతికి మళ్ళీ నడుపుతాడు. ఆగిన ఆ కొద్ది నిమిషాలకు కూలి పోతుందని తెలిసినా ఆపుతాడు. ఆపకపోతే బట్ట అంతా పాడవుతుందని అతనికి తెలుసు. తన శరీరానికి కూడా అతడు ఆ పాటి మర్యాద ఇవ్వాలి. ఈసారి నెత్తురు కనిపిస్తే మజ్జిగ త్రాగవచ్చు, తప్పు లేదు. త్రాగి, ఆ మరునాడే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. అది మొలలేనని, వేడేనని ఆయన పరీక్షించి చెబితే అంతకంటె సంతోషం ఏమున్నది?